పిల్లల బరువు: ఒక్క డాక్టరుతో అయ్యే పనేనా?



పిల్లవాడు బొద్దుగా ఉంటే మనకు ముచ్చట. "లావయ్యాడు" అని ఎవరన్నా అంటే వెంటనే దిష్టి తీస్తాం. కాని బొద్దుతనం వేరు, జబ్బుగా మారిన బరువు వేరు. ఆ తేడా కంటిచూపుతో తేలదు. బరువుతోపాటు ఎత్తు కూడా కొలవాలి. వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి డాక్టర్లు లెక్క కడతారు.

కొన్ని గుర్తులు మాత్రం మనకే కనబడతాయి. మెడ వెనక నల్లబడుతుంది. ఎంత రుద్దినా పోదు. అది మురికి కాదు, పిల్లను తిట్టకండి. రక్తంలో చక్కెర పెరగబోతోందనే సూచన కావచ్చు. రాత్రి గట్టిగా గురక పెట్టడం, మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, మోకాళ్ళ నొప్పులు, ఆడపిల్లకు నెలసరి సరిగా రాకపోవడం. ఇవి ఉంటే ఆలస్యం చేయొద్దు.

మన సికింద్రాబాద్ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. తిండి చాలని పిల్లల గురించి ఎన్నో ఏళ్ళు పని చేసింది. తరువాత లావైన పిల్లలనూ లెక్కించాల్సి వచ్చింది. హైదరాబాదులో 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలను చూసి, 2007లో ఆ వివరాలు అచ్చు వేశారు. నూటికి సుమారు 7 మంది అధిక బరువుతో ఉన్నారు. రోజూ 3 గంటలు, అంతకుమించి టీవీ చూసేవాళ్ళలో సుమారు 10 మంది. వారానికి 6 గంటలైనా బయట ఆడుకునేవాళ్ళలో 3 మందే!

ఇప్పుడు ఒక పదమూడేళ్ళ పిల్ల ఉందనుకోండి. బరువు 85 కిలోలు. డాక్టరు "తిండి తగ్గించు" అని పంపేశాడు. నాలుగు రోజులు కడుపు మాడ్చుకుంది. అయిదో రోజు ఆకలికి ఆగలేక రెండింతలు తిన్నది. బడిలో "బస్తా" అని ఏడిపిస్తే బడి మానేసింది. దీనికి ఏ గోలీ ఇస్తారు?

ఇల్లు కట్టాలంటే మేస్త్రీ ఒక్కడే చాలడు కదా. వడ్రంగి కావాలి, కరెంటు మనిషి కావాలి. ఇదీ అంతే. పిల్లల డాక్టరు చక్కెర, బీపీ, కాలేయం చూస్తారు. ఆహార నిపుణురాలు మన ఇంట్లో వండేదేమిటో అడిగి, దానిలోనే మార్పులు చెబుతారు. మోకాళ్ళు నొప్పి పుట్టని వ్యాయామం ఒకరు నేర్పుతారు. బడిలో జరిగింది మనసు విప్పి చెప్పుకోవడానికి కౌన్సిలరు ఉంటారు. బాగా ఎక్కువ బరువున్న పెద్ద పిల్లలకు మందులు, ఆపరేషను కూడా ఉన్నాయి. అవి కావాలా వద్దా అని వీళ్ళంతా కలిసి చూస్తారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2023లో ఏం చెప్పిందంటే, 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు పిల్లతో, ఇంటివాళ్ళతో కూర్చుని పని చేయాలి. ఒక్క చీటీతో అయ్యేది కాదన్నమాట.

ఇంటివాళ్ళు కూడా ఆ జట్టులోని వాళ్ళే. పిల్లకు జొన్నరొట్టె పెట్టి, తమ్ముడికి చిప్స్ పొట్లం ఇస్తే ఆమె మనసు ఏమవుతుంది? నాన్న సాయంత్రం మిర్చి బజ్జీలు తేవడం మానాలి. అందరూ ఒకే వంట తినాలి.

గాంధీ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. అక్కడికైనా, మరెక్కడికైనా వెళ్ళినప్పుడు "ఆహారం గురించి చెప్పేవారు ఎవరు? కౌన్సిలరు ఎక్కడ?" అని అడగండి. అందరూ ఒకే గదిలో దొరకరు. అందుకే చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టండి. ఒకరు రాసింది ఇంకొకరికి చూపండి. తేదీ, బరువు, ఎత్తు మీ చేత్తోనే నోటుబుక్కులో రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

లెక్క చేయండి: ఒక మనిషికి రోజుకు చక్కెర 25 గ్రాములు మించకూడదు. ఇంట్లో నలుగురు ఉంటే 30 రోజులకు ఎన్ని కిలోలు? మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోలు కొంటున్నారు? కూల్ డ్రింకుల్లో, మిఠాయిల్లో ఉన్న చక్కెరను కలిపారా?