మనోవ్యాధికి మందు ఉంది

ఈ చిన్న పుస్తకం మీ చేతికి వచ్చేసరికి మీరు ఆరోగ్య కేంద్రం వరండాలో బల్ల మీద కూర్చొని ఉండవచ్చు. పిల్లలు చాలనుకొని ఆపరేషన్ సంగతి కనుక్కోవడానికి వచ్చి ఉండవచ్చు, కాపర్-టి వేయించుకోవడానికి వచ్చి ఉండవచ్చు. లేదా ఎవరికీ చెప్పుకోలేని బాధతో వచ్చి, పక్కవాళ్ళు చూస్తారేమోనని ఈ పుస్తకాన్ని అడ్డం పెట్టుకొని ఉండవచ్చు. ఈసారి రాస్తున్నది ముఖ్యంగా ఆ మూడో రకం వారి కోసం. సుఖవ్యాధుల్లో వచ్చే పుండ్ల గురించి, చీము గురించి చెప్పే కాగితాలు చాలా ఉన్నాయి. ఆ వ్యాధి వచ్చిన మనిషి మనస్సు ఏమవుతుందో చెప్పేవి తక్కువ.

మా కేంద్రానికి ముప్పై ఏళ్ళ తాపీ మేస్త్రీ ఒకతను వచ్చేవాడు. గల్ఫ్ వెళ్ళడానికి అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టాడు. వెళ్ళే ముందు వైద్య పరీక్ష ఉంటుంది కదా. అందులో సవాయి, అంటే సిఫిలిస్, ఉన్నట్లు తేలింది. కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాసి ఇచ్చారు. తొలి దశలో సవాయి పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బు. డాక్టరుగారు చెప్పినట్లు ఇంజెక్షన్ వేయించుకున్నాడు. అయినా ప్రతి సోమవారం వచ్చి, "ఇంకొక్కసారి రక్తం తీయండి సార్" అని బతిమాలేవాడు.

నేను సైన్సు చదువుకున్నవాణ్ణి కనుక సైన్సే చెప్పాను. సవాయికి రెండు రకాల రక్త పరీక్షలు ఉన్నాయి. వి.డి.ఆర్.ఎల్. వంటి పరీక్షలో చూపే సంఖ్య చికిత్స తరువాత నెలల మీద తగ్గుతూ వస్తుంది. రెండో రకం పరీక్ష మాత్రం, జబ్బు పూర్తిగా నయమైనా, చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉండిపోతుంది. గాయం మానినా మచ్చ మిగిలినట్లన్నమాట. ఇదంతా బొమ్మ గీసి మరీ చెప్పాను. తల ఊపి వెళ్ళాడు, మళ్ళీ సోమవారం వచ్చాడు.

అతను అడగని ప్రశ్నకు నేను జవాబు చెబుతున్నానని అప్పటికి గాని నాకు తట్టలేదు. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అని అడిగాను. అంతే, భోరున ఏడ్చాడు. రెండు నెలలుగా సరిగా నిద్ర లేదట. అన్నం సయించడం లేదట. పనికి పోవడం మానేశాడు. భార్యను ఏదో వంక పెట్టి పుట్టింటికి పంపేశాడు. అద్దంలో తన ముఖం తాను చూసుకోలేకపోతున్నానన్నాడు. అతనికి ఉన్నవి రెండు జబ్బులు. ఒకదానికే మేము మందు ఇచ్చాం.

దిగులు ఎప్పుడు జబ్బు అవుతుంది?

చెడ్డ వార్త వింటే ఎవరికైనా దిగులు కలుగుతుంది. నాలుగు రోజులు మనస్సు బాగుండదు. అది జబ్బు కాదు. కాని దిగులు, లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం వదలకుండా ఉంటే దానిని కుంగుబాటు అనుకోవలసి ఉంటుంది. నిద్ర పట్టదు, లేదా తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. కొందరు పగలంతా పడుకొనే ఉంటారు. ఒళ్ళు బరువుగా, నీరసంగా ఉంటుంది. చిన్న లెక్క కూడా తెగదు. "నేను పాపిని, నా వల్లే ఇల్లు నాశనమైంది" అనే మాట లోపల తిరుగుతూ ఉంటుంది. మగవారిలో ఇది కొన్నిసార్లు కోపంగానో, తాగుడుగానో బయటపడుతుంది. ఇంట్లోవారు దానిని పొగరు అనుకుంటారు.

ఇది మొదటి జబ్బును కూడా బాగుపడనివ్వదు. కుంగిపోయినవాడు మందులు సగంలో మానేస్తాడు. మళ్ళీ చూపించుకోవడానికి రాడు. నిరోధ్ వాడాలన్న ధ్యాస ఉండదు. భార్యకు చెప్పడు, ఆమెకు చికిత్స జరగదు, నయమైన జబ్బు ఆమె నుంచి మళ్ళీ అతనికే వస్తుంది.

సిగ్గు ఎక్కడి నుంచి వస్తుంది?

క్షయ వచ్చినవారిని "ఎలా వచ్చింది?" అని అడుగుతారు. సుఖవ్యాధి వచ్చినవారిని "ఎవరి దగ్గరకు వెళ్ళావు?" అని అడుగుతారు. తేడా అంతా అక్కడే ఉంది. కాని సూక్ష్మజీవికి మంచీ చెడూ తెలియదు. భర్తను తప్ప పరాయి మగవాణ్ణి ఎరుగని ఇల్లాలికీ రావచ్చు. తల్లికి చికిత్స జరగకపోతే కడుపులోని బిడ్డకూ సవాయి సోకవచ్చు. గర్భిణులకు తొలి నెలల్లోనే రక్త పరీక్ష చేసేది ఇందుకే.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల కాపురాలు కూలిపోతున్నాయి. ఈ రోజు జబ్బు బయటపడిందంటే నిన్నో మొన్నో అంటుకున్నదని అర్థం కాదు. హెర్పిస్ క్రిమి సోకిన ఎన్నో నెలలకు, ఏళ్ళకు కూడా మొదటి పొక్కులు కనిపించవచ్చు. పులిపిర్లు కలిగించే క్రిమి కూడా అంతే. క్లమీడియా అయితే చాలామంది స్త్రీలలో ఏ గుర్తూ లేకుండా దాగి ఉంటుంది. కనుక ఒక్క పరీక్ష కాగితం పట్టుకొని ఎవరు ఎవరికి అంటించారో తేల్చడం చాలాసార్లు డాక్టరుకే సాధ్యం కాదు. అత్తగారికి అసలే సాధ్యం కాదు.

జబ్బు లేకుండానే కుంగిపోయేవారు

వీరి సంఖ్యా తక్కువ కాదు. నిద్రలో వీర్యం పోవడం సహజమైన విషయం. అయినా ఒంట్లో ధాతువు కరిగిపోతోందని ఎండిపోయే యువకులను ప్రతి కేంద్రంలోనూ చూస్తాం. ఈ బాధకు 'ధాతు సిండ్రోమ్' అని మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్. ఎన్. విగ్ 1960లో పేరు పెట్టారు. స్త్రీలలో తెల్లబట్ట సంగతి కూడా ఆలోచించవలసినదే. తెల్లబట్ట ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చు, పరీక్ష చేయించుకోవాలి. కాని గోవాలో స్త్రీలపై జరిగిన ఒక పెద్ద పరిశోధన 2005లో వెలువడింది. తెల్లబట్ట ఫిర్యాదు ఇన్ఫెక్షన్ల కంటే మానసిక బాధలతోనే గట్టిగా ముడిపడి ఉన్నట్లు అందులో తేలింది. "తెల్లబట్ట, నడుం నొప్పి, నీరసం" అని చెప్పే అక్కయ్య అసలు చెప్పదలచుకున్నది ఇంట్లో పడుతున్న కష్టం కావచ్చు. వినేవారు కావాలి.

బస్టాండు దగ్గర లాడ్జీల్లో మకాం వేసి, గోడల మీద 'రహస్య రోగాలు' అని రాయించుకునేవారు మీ భయాన్నే అమ్ముకుంటారు. వారి గురించి ఇంతకంటే రాయడం కాగితం దండుగ.

మరి ఏం చేయాలి?

మనోవ్యాధికి మందు లేదన్నది పెద్దల సామెత. వారి కాలానికి అది నిజమే కావచ్చు. ఇప్పుడు మందు ఉంది. కుంగుబాటు కొద్దిగా ఉంటే కౌన్సిలరుతో కొన్ని వారాలు మాట్లాడితేనే తగ్గవచ్చు. ఎక్కువగా ఉంటే డాక్టరు మాత్రలు రాస్తారు. ఇవి తలనొప్పి బిళ్ళల్లా గంటలో పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారం చూసి "లాభం లేదు" అని పారేయకండి. గుణం కనిపించాక కూడా కొన్ని నెలలు వాడాలి. ఇవి మత్తుమందులు కావు, అలవాటు పడిపోతారన్న భయం వద్దు. అయితే ఉన్నట్టుండి మానకూడదు. కొందరికి కోరిక తగ్గవచ్చు. సిగ్గుపడక డాక్టరుకు చెబితే మందు మారుస్తారు.

సుఖవ్యాధులకు సర్కారు ఆస్పత్రులలోని సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు, సలహా ఉచితం. అక్కడి కౌన్సిలరుతో మందుల గురించే కాదు, నిద్ర గురించి కూడా చెప్పండి. హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసినవారు మరీ కుంగిపోతారు. 2004 నుంచి మన దేశంలో ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోజూ క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి సంభోగం ద్వారా వ్యాధి సోకదు. పెళ్ళి, పిల్లలు అన్నవి ముగిసిపోయిన సంగతులు కావు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, చట్టంలో చెప్పిన కొద్ది సందర్భాలలో తప్ప, మీ అనుమతి లేకుండా ఈ విషయం ఇతరులకు చెప్పరాదు.

భార్యకు, భర్తకు చెప్పడం అన్నిటికంటే కష్టం. ఒంటరిగా చెప్పలేకపోతే కౌన్సిలరు ఎదుట చెప్పండి. కొడతారనే భయం ఉన్న స్త్రీలు ముందుగా ఆ భయం గురించే కౌన్సిలరుకు చెప్పాలి. చికిత్స ఇద్దరికీ ఒకేసారి జరగాలి. అది పూర్తయ్యేదాకా కలయిక వద్దు, ఆ తరువాత నిరోధ్ వాడండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని సుఖవ్యాధి రాకుండా ఉండదు.

"నేను లేకపోతేనే నయం" అని ఎవరైనా అంటే తమాషాకు అన్నారనుకోకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని తిన్నగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే గుండె బరువు తగ్గుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే బయటకు తీసి తాళం వేయండి. అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. పోలీసు కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించి, వైద్యం అందించాలంటుంది.

తాపీ మేస్త్రీ ఆరు వారాలు మాత్రలు వాడాక ఒక సోమవారం భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెకు చెప్పింది అతనే. తలుపు దగ్గర నిలబడి, మేము విన్నామో లేదోనని రెండుసార్లు చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చీర చెంగు సవరించుకొని, "నాకూ రక్తం తీయండి" అంది. ఆ రోజు అతను తన రక్తం తీయమని అడగలేదు.

రాత్రివేళ మనస్సు నిలవకపోతే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ సర్కారు సేవ 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేదు, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హెచ్.ఐ.వి., సుఖవ్యాధుల గురించి అడగడానికి 1097 ఉంది.