అడ్డపొగ, అంగిలి క్యాన్సరు: కణంలో ఏం జరుగుతుంది?

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంత పల్లెల్లో చాలామంది పెద్దవయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చడం. గాలికి ఆరదు, బూడిద చంటిబిడ్డ మీద పడదు అంటారు. ఆ వేడి, ఆ పొగ తిన్నగా అంగిలికే తగులుతాయి. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సరు ఇక్కడ ఎక్కువగా కనబడడానికి కారణం ఇదే. మంచం పక్కన కూర్చున్న కూతుళ్లు మమ్మల్ని మెల్లగా అడుగుతారు: "అమ్మకి జన్యువుల్లో మార్పు వచ్చిందన్నారు. మరి మాకూ వస్తుందా సిస్టర్?"

కణం ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆజ్ఞలు దానిలోని డి.ఎన్.ఎ.లో ఉంటాయి. ఒక్కో ఆజ్ఞ ఒక్కో జన్యువు అనుకోండి. నోటి లోపలి పొర అరిగిపోతూ, కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. చీలే ముందు కణం తన డి.ఎన్.ఎ.కి నకలు తీసుకుంటుంది. పొగలోని బెంజోపైరీన్ వంటి విషాలు డి.ఎన్.ఎ.కి అతుక్కుంటే నకలులో అక్షరం తప్పుపడుతుంది. దీన్నే మ్యుటేషన్ అంటారు.

ఒక్క తప్పుతో క్యాన్సరు రాదు. చాలా తప్పులను కణమే దిద్దుకుంటుంది. 1979లో కనుగొన్న పి53 అనే ప్రోటీను కాపలాదారు లాంటిది. డి.ఎన్.ఎ. చెడితే చీలికను ఆపుతుంది, బాగుపడకపోతే ఆ కణం చనిపోయేలా చేస్తుంది. ఆ పి53 జన్యువే చెడితే బండికి బ్రేకు పోయినట్టే. దానికి తోడు చీలమని చెప్పే జన్యువు ఆగకుండా పనిచేస్తే కణం చీలుతూనే పోతుంది. దాని పిల్ల కణాలకూ అవే తప్పులు. ఇవన్నీ పోగుపడడానికి ఏళ్లు పడుతుంది. "మా అమ్మ ముప్పై ఏళ్లు కాల్చింది, ఏమీ కాలేదు" అనేవారికి మా జవాబు ఇదే.

ఇక కూతుళ్ల ప్రశ్న. అమ్మ అంగిలి కణాల్లో వచ్చిన మార్పు బిడ్డలకు రాదు. బిడ్డలకు చేరేవి అండంలోని, వీర్యకణంలోని జన్యువులే. ఆమె కంచంలో తిన్నా ఈ క్యాన్సరు అంటదు. తల్లి నుంచి కూతురికి వచ్చేది చుట్ట అలవాటు. పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల కలిగే క్యాన్సర్లూ ఉన్నాయి, కానీ అవి నూటికి 5 నుండి 10 వరకే.

అడ్డపొగ వల్ల అంగిలి మొదట తెల్లగా, మందంగా అవుతుంది, ఎర్రచుక్కలు తేలతాయి. అప్పుడే చుట్ట మానితే ఇవి తగ్గే అవకాశం ఉంది. కట్టుడుపళ్లు ఉంటే తీసి, వెలుతురులో అద్దం పెట్టి చూసుకోండి. రెండు వారాలైనా మానని పుండు, ఎర్రమచ్చ, గడ్డ ఉంటే నొప్పి లేదని ఆగకండి. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు పాకుతుందని కొందరి భయం. అలా పాకదు, ఏ వైద్యం చేయాలో తేలేది ఆ పరీక్షతోనే.