ఇసుక కింద గుడి

బాలలూ! మన జీడిమెట్లలో ఇల్లు కడుతున్నచోట ఇసుక కుప్ప కనబడితే కాసేపు ఆగండి. పొడి ఇసుకను పిడికిట పట్టి, ఒకేచోట సన్నగా జారవిడవండి. కుప్ప ఎంత పెరిగినా దాని వాలు మారదు. కోణమానినితో కొలవండి. సుమారు 34 డిగ్రీలుంటుంది. తడి ఇసుక వద్దు సుమా, లెక్క తప్పిస్తుంది!

2020 జూన్‌లో నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడు దగ్గర, పెన్నా ఒడ్డున ఇసుక తవ్వుతుంటే నాగేశ్వరస్వామి గుడి బయటపడింది. రాతిగుడి ఇసుకలో ఎలా మునుగుతుంది?

నది వరదల్లో ఇసుకను మేట వేస్తుంది. నీరు తగ్గి అది ఎండాక గాలి వంతు. గాలి ఇసుక రేణువును దుమ్ములాగా పైకి మోసుకుపోలేదు. రేణువు కాస్త ఎగిరి, ముందుకు దూకి పడుతుంది. పడుతూ మరికొన్నింటిని ఎగరగొడుతుంది. గోళీలాట లాంటిదే! దారిలో గోడ అడ్డొస్తే గాలి వేగం తగ్గి, ఇసుక అక్కడే దిగబడుతుంది.

ఖాళీ నేలమీద ఇసుక దిబ్బ నడుస్తుంది కూడా. గాలి వీచే వైపు వాలు తక్కువ. రేణువులు అటు ఎక్కి, శిఖరం దాటి అవతల జారుతాయి. అవతలి వాలు ఎంత? మీరు కొలిచినదే!

కర్ణాటకలో కావేరి ఒడ్డున ఉన్న తలకాడు ఒకప్పుడు గంగరాజుల రాజధాని. క్రీ.శ. 1117లో హొయసల విష్ణువర్ధనుడు కట్టించిన కీర్తినారాయణ ఆలయం అక్కడే ఉంది. ఊళ్లో ఎన్నో గుళ్లు ఇసుకలో కూరుకుపోయాయి. శాపమని కథ చెబుతారు. నాకైతే నది, గాలి చాలు. అక్కడికి వెళితే దిబ్బ ఏ వైపు నిటారుగా ఉందో చూసి, గాలి ఎటునుంచి వీస్తుందో చెప్పండి.