ముద్రలు – మనుషులు

ఒక జాతిని గురించి దూరం నుంచి వినడం వేరు, ఆ జాతి నడుమ నివసించడం వేరు. విన్న మాటలు నోటినోటా నలిగి ముద్రలుగా స్థిరపడతాయి. అటువంటి ముద్రల భారాన్ని చిరకాలంగా మోస్తున్న జాతులలో పోలిష్ జాతి ఒకటి. పోలండ్ ప్రజలు నవ్వరని, మద్యప్రియులని, కాయకష్టానికే తగినవారని ఇతర దేశాలలో ఒక ప్రచారం ఉంది. వారి తెలివితేటలను పరిహసించే చలోక్తులు ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా అంతటా వ్యాపించాయి. కోపర్నికస్, మేరీ క్యూరీ జన్మించిన గడ్డ అదేనన్న సంగతి ఆ నవ్వులలో మరుగున పడింది.

2004లో పోలండ్ ఐరోపా సమాఖ్యలో చేరింది. మరుసటి ఏడు ఫ్రాన్సులో 'పోలిష్ ప్లంబర్' అన్న మాట విరివిగా వినవచ్చింది. తక్కువ కూలికి వచ్చి స్థానికుల ఉపాధిని హరించేవాడని దాని భావం. పోలండ్ పర్యాటక సంస్థ ఇందుకు ఆగ్రహించలేదు. తాను పోలండ్‌లోనే ఉంటానని, ఫ్రెంచివారే తరలిరావాలని ఒక అందమైన ప్లంబరు ఆహ్వానిస్తున్నట్లు ప్రకటన వేయించింది. నవ్వరని పేరుపడినవారు నిందకు నవ్వుతోనే బదులిచ్చారు.

పోలండ్‌లో కొంతకాలం నివసించినవారికి ఈ ముద్రల వెనుక ఉన్న మనుషులు కనిపిస్తారు. వీధిలో ఎదురైన అపరిచితుని చూసి అక్కడివారు సాధారణంగా చిరునవ్వు నవ్వరు. వారి దృష్టిలో చిరునవ్వు పరిచయానికి గుర్తు. మర్యాదకు వేరే పద్ధతులున్నాయి. వైద్యుని కోసం వేచి ఉండే గదిలోకి అడుగుపెడుతూ అక్కడున్న వారందరినీ పలకరిస్తారు. కొత్తవారిని పురుషులైతే 'పాన్' అని, స్త్రీలైతే 'పాని' అని గౌరవంగా సంబోధిస్తారు. కుశలమడిగితే ఉన్న కష్టం ఉన్నట్లు చెప్పేవారు ఎక్కువ. పరాయివారు దానిని నిరాశగా భావించవచ్చు. నిజానికి అడిగినవారిని ఆత్మీయులుగా ఎంచడమే అది.

ఈ ముభావానికి చరిత్రలో కారణాలున్నాయని పలువురి అభిప్రాయం. 1795లో మూడు పొరుగు రాజ్యాలు పంచుకొనగా పోలండ్ 123 సంవత్సరాలు స్వతంత్ర రాజ్యంగా లేకుండా పోయింది. 1918లో స్వాతంత్ర్యం వచ్చినా, 1939లో మళ్ళీ దురాక్రమణకు గురైంది. యుద్ధానంతరం 1989 దాకా కమ్యూనిస్టు పాలన సాగింది. అధికారాన్ని నమ్మలేని ప్రజలకు ఇల్లే నమ్మకమైన చోటయింది.

ఆ ఇంటి గడప దాటినవారికి ఆదరణ కరవుండదు. అతిథి రాక దైవం రాకతో సమానమని వారి సామెత. క్రిస్మస్ ముందటి రాత్రి విందులో అనుకోని అతిథి కోసం ఒక పళ్ళెం అదనంగా పెట్టడం వారి ఆచారం. 2022లో ఉక్రెయిన్ యుద్ధానికి వెరచి లక్షలాది మంది సరిహద్దు దాటినప్పుడు, ఎన్నో సామాన్య కుటుంబాలు వారికి తమ ఇళ్ళలో చోటిచ్చాయి. ఆశ్రయం విలువ వారు ఎరిగినదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నవానగర్ పాలకుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ వందలాది పోలిష్ బాలలను గుజరాత్‌లోని బాలాచడిలో ఆదుకున్నాడు. ఆ కృతజ్ఞతతో వార్సాలో ఒక కూడలికి 'మంచి మహారాజు' పేరు పెట్టారు.

అయితే పోలండ్ వారందరూ ఉదారులే అనడం కూడా మరొక ముద్రే. అక్కడా కటువుగా మాట్లాడేవారున్నారు, తాగి తూలేవారున్నారు, మద్యం ముట్టనివారూ ఉన్నారు. నేడు చదువుల కోసం ఆ దేశం వెళ్తున్న భారతీయ విద్యార్థులు గ్రహించవలసింది ఇదే. నిజం నిలకడ మీద తెలుస్తుంది. ఆ నిలకడ లేనిచోట తీర్పు చెప్పడం తగదు. పొరుగువారి విషయంలో పాటించే ఈ సంయమనమే, రేపు తమ గురించి ఇతరుల నుంచి ఆశించే న్యాయానికి అర్హత అవుతుంది.