సర్వర్లలో చిన్న మార్పు, పెద్ద మార్పు: ఒక పరిశీలన

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా కంప్యూటర్ యంత్రానికీ, దానిపై నడిచే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పని జరిపించే మూల ప్రోగ్రాము. మన ఇంటి కంప్యూటర్ ఒక పూట ఆగిపోతే నష్టం మన ఒక్కరిదే. కాని వేలమందికి సేవలందించే సర్వర్ ఆగిపోతే, జగిత్యాలలోనో ఉట్నూరులోనో మీసేవ కేంద్రంలో ఆదాయ ధ్రువపత్రం కొరకు నిలిచిన విద్యార్థికి దరఖాస్తు గడువు దాటిపోవచ్చును. కాబట్టి అటువంటి సర్వర్‌లో ఏ మార్పు ఎప్పుడు చేయవలెనన్నది విచారింపదగిన విషయం.

రెండు విధాల మార్పులు

వానాకాలానికి ముందు గూన పెంకులు సర్దించుట ఒకటి. ఇల్లు విప్పి మళ్ళీ కట్టుట మరొకటి. చిన్న మార్పు మొదటి దాని వంటిది. రెడ్ హ్యాట్ లినక్స్‌లో 9.4 నుండి 9.5కు పోవుట ఇందుకు ఉదాహరణ. ఇందులో లోపాలు సరిదిద్దబడును. పాత ప్రోగ్రాములు సాధారణంగా యథాతథంగా నడుచును. 7 నుండి 8కి పోవుట పెద్ద మార్పు. 7లో ప్రధానంగా ఉన్న పైథాన్ 2 స్థానాన్ని 8లో పైథాన్ 3 ఆక్రమించినది, మరియాడిబి 5.5కు బదులు 10.3 వచ్చినది. పాత పద్ధతిలో వ్రాసిన ప్రోగ్రాములను తిరిగి పరీక్షించక తప్పదు.

వాయిదా వలన నష్టం

చిన్న మార్పే కదా అని ఉపేక్షించరాదు. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ విడుదల చేసినది. దానిని వేసుకొనని యంత్రాలపై రెండు నెలలకు, మే 12న, వానాక్రై దాడి జరిగినది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా వానిలో ఉన్నవి.

తొందర వలన నష్టం

అట్లని వచ్చిన ప్రతి సవరణను అన్ని యంత్రాలపై ఒక్కసారిగా వేయుటయు క్షేమం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించినవి. అది ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు కాకపోయినను, దాని అంతర్భాగంలో పనిచేయునది. సంస్థ 78 నిమిషాలలో దానిని ఉపసంహరించినను, పడిపోయిన యంత్రాలలో అనేకమును మనుషులు ఒక్కొక్కటిగా బాగుచేయవలసి వచ్చినది. ఆనాడు శంషాబాద్ విమానాశ్రయంలో చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిరి.

పెద్ద మార్పుకు గడువు

పెద్ద మార్పును కొంతకాలం ఆపవచ్చును గాని శాశ్వతంగా ఆపలేము. సెంటాస్ 7కు సవరణలు 2024 జూన్ 30తో నిలిచిపోయినవి. సెంటాస్ 8 అనుభవం ఇంకను కఠినమైనది. 2029 వరకు ఉండునని దానిని నమ్మి ఏర్పాటు చేసుకొన్నవారికి, అది 2021 డిసెంబర్ 31తో ముగియునని 2020 డిసెంబర్‌లో తెలిసినది. అనగా ఏడాది వ్యవధి మాత్రమే మిగిలినది.

అనుసరింపదగిన పద్ధతి

మార్పు చిన్నదైనను పెద్దదైనను మొదటి ప్రశ్న ఒక్కటే: పని చెడిన యెడల వెనుకకు పోగలమా? చిన్న మార్పులను మొదట పరీక్షా యంత్రంపై, పిదప ఒకటి రెండు సర్వర్లపై, చివరకు అన్నింటిపై కొద్ది రోజులలోనే వేయవలెను. పెద్ద మార్పుకు వేరొక కొత్త సర్వర్ సిద్ధపరచి, సమాచారం తరలించి, అంతా సరిగా నడిచినదని తేలువరకు పాతదానిని ఉంచుట మేలు. రెంటికిని ముందు బ్యాకప్ తీయవలెను. దానిని ఒకసారి తిరిగి ఎక్కించి చూడనిదే అది ఉన్నట్లు లెక్కింపరాదు. ఫలితాలు వెలువడు దినములు, ఫీజుల చివరి తేదీలు వంటి రద్దీ వేళలను విడిచిపెట్టవలెను.

రేపు ఇటువంటి సర్వర్లను కాపాడు బాధ్యత మన విద్యార్థులలో కొందరిపై పడును. తెర మీది అంకెలతో పాటు, కేంద్రం ముందు వరుసలో నిలిచిన మనిషిని కూడా గుర్తుంచుకొని వారు నిర్ణయం తీసుకొందురు గాక!