చక్కెర లేని అతిమూత్రము

మన గ్రామములలో ఎవరైన మాటిమాటికి మూత్రమునకు పోవుచు, చెంబులకొలది నీళ్లు త్రాగుచున్నచో, ఇరుగుపొరుగువారు "చక్కెర జబ్బు కాబోలు, పరీక్ష చేయించుకొనుము" అని సలహా చెప్పుదురు. ఆ సలహా మంచిదే. 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల మందికి మధుమేహము కలదు. కావున మొదట దానినే శంకించుట న్యాయము. అయితే పరీక్షలో చక్కెర కనబడనప్పుడు "జబ్బేమియు లేదు" అని ఊరకుండుట మాత్రము న్యాయము కాదు. చక్కెర లేకుండనే అతిదాహమును, అతిమూత్రమును కలిగించు వ్యాధి వేరొకటి కలదు. దానిని ఇంగ్లీషు వైద్యమున డయాబెటిస్ ఇన్సిపిడస్ అని వ్యవహరింతురు. ఇది అరుదైన వ్యాధి. ఇంచుమించు 25 వేల మందిలో ఒకరికి వచ్చునని వైద్యులు లెక్కవేసినారు. అరుదైనదే యైనను, గుర్తింపక నీళ్లు అందకుండ చేసినచో ప్రాణము తీయగలదు; గుర్తించి మందిచ్చినచో రోగి తక్కినవారివలెనే జీవింపగలడు. కావుననే పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి తెలిసికొనుట అవసరమని మేము తలచుచున్నాము.

పేరు తెచ్చిన చిక్కు

డయాబెటిస్ అనునది గ్రీకు మాట. ధారగా పారిపోవుట యని దాని భావము. 1674లో థామస్ విల్లిస్ అను ఇంగ్లీషు వైద్యుడు మధుమేహ రోగుల మూత్రము తేనెవలె తియ్యగా నుండునని వ్రాసెను. మన ప్రాచీన వైద్యులు అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే ఆ సంగతి గమనించియుండిరి. 18వ శతాబ్దమున తీపి లేని అతిమూత్రమును వేరుచేసి, రుచి లేనిది అను అర్థము గల ఇన్సిపిడస్ అను మాటను దానికి చేర్చిరి. మన ఆయుర్వేదమున చెప్పబడిన ఇరువది ప్రమేహములలో ఉదకమేహ మొకటి. నీటివలె తెల్లగా, వాసన లేక మూత్రము పోవుట దాని లక్షణము. ఆ వర్ణన ఈ వ్యాధిని స్ఫురింపజేయును గాని, రెండును ఒకటేయని నిర్ణయించి చెప్పుటకు వీలులేదు.

మధుమేహమునకు, ఈ వ్యాధికి పేరులోను, దాహములోను తప్ప వేరు పోలిక లేదు. దీనికి ఇన్సులిన్ అక్కరలేదు. చక్కెర తినుట మానినందువలన ప్రయోజనము లేదు. పేరును జూచి పొరబడి, కొన్ని దేశములలో ఆసుపత్రి సిబ్బంది సైతము రోగులకు కావలసిన మందును, నీటిని ఇయ్యకపోగా మరణములు సంభవించినవి. అందువలన 2022లో పలు దేశముల వైద్య సంఘములు కలిసి ఈ వ్యాధికి క్రొత్త పేర్లను ప్రతిపాదించినవి. హార్మోను చాలనిచో "ఆర్జినైన్ వాసోప్రెసిన్ లోపము" అనియు, హార్మోను ఉండియు మూత్రపిండములు దానికి లొంగనిచో "ఆర్జినైన్ వాసోప్రెసిన్ ప్రతిరోధము" అనియు ఆ పేర్లు. ఆసుపత్రి చీటీలపై ఇవి కనబడినచో ఆ వ్యాధియే యని గ్రహింపవలెను.

శరీరములోని నీటి కట్టడి

మన మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోయును. అందులో చాల భాగము దానంతటదియే తిరిగి రక్తములోనికి చేరును. తుదకు ఇంచుమించు 20 లీటర్లు మిగులును. దానిని బయటికి విడుచుటయా, వెనుకకు మళ్లించుటయా యనునది మెదడు ఆజ్ఞపై ఆధారపడియుండును. చెరువులో నీరు తగ్గగనే తూము బిగింపుమని కబురంపినట్లు, రక్తములో నీరు తగ్గగనే మెదడులోని హైపోథాలమస్ అను భాగము వాసోప్రెసిన్ అను హార్మోనును తయారుచేసి, దాని క్రిందనున్న పీయూష గ్రంథి ద్వారా రక్తములోనికి పంపును. ఆ కబురు అందుకొని మూత్రపిండములు తమలోని సన్నని జలద్వారములను తెరచి నీటిని వెనుకకు తీసికొనును. కనుకనే ఆరోగ్యవంతుడు దినమునకు ఒకటి రెండు లీటర్ల మూత్రమునే విసర్జించును.

ఈ కట్టడి రెండు విధముల చెడవచ్చును. కబురు పంపువాడే లేకపోవుట మొదటిది. కబురు వచ్చినను తూము తలుపు కదలకపోవుట రెండవది. ఫలిత మొకటే: నీరు నిలువక పోవును. దానిని పూడ్చుకొనుటకు రోగి ఎడతెగక నీళ్లు త్రాగవలసివచ్చును. ఇచ్చట ఒక ముఖ్య విషయమును గమనింపవలెను. ఎక్కువ నీళ్లు త్రాగుటచేత మూత్ర మెక్కువగుట లేదు. మూత్ర మెక్కువగా పోవుటచేతనే దాహమగుచున్నది. కావున "నీళ్లు తగ్గించినచో జబ్బు తగ్గును" అనుట ఇచ్చట ప్రాణాంతకమైన పొరపాటు.

కారణములు

కబురు తెగిపోవుటకు హేతువులు పెక్కు గలవు. పీయూష గ్రంథి సమీపమున పెరుగు కంతులు, ఆ ప్రాంతమున జరిగిన శస్త్రచికిత్స, మెదడు పొరలకు సోకిన క్షయ, తలకు తగిలిన బలమైన దెబ్బ ఇందులో ముఖ్యమైనవి. శిరస్త్రాణము లేక మోటారు సైకిలుపై పోయి పడినవారికి కొలది దినములలో ఈ లక్షణము కనబడవచ్చును. కొందరికి కొన్ని వారములలో తగ్గును. కొందరికి శాశ్వతముగా నిలుచును. రక్తపింజరి కాటువలన పీయూష గ్రంథి దెబ్బతినిన సందర్భములను బర్మాలోను, దక్షిణ భారతములోను వైద్యులు నమోదుచేసిరి. వారిలో ఇతర హార్మోనుల లోపమే హెచ్చు, అతిమూత్రము అరుదు. ఎంత వెదకినను కారణము దొరకని రోగులును గలరు.

మూత్రపిండములు లొంగని రకము కొందరికి పుట్టుకతో వచ్చును. ఇది ఎక్కువగా తల్లి ద్వారా సంక్రమించి మగబిడ్డలలో కనబడును. ఇందులో తల్లి తప్పేమియు లేదు. పెద్దలలో మనోవ్యాధికి చిరకాలము వాడు లిథియము అను మందు, రక్తములో సున్నపు ధాతువు హెచ్చుట, పొటాషియము తగ్గుట దీనికి కారణములు. గర్భిణులలో అరుదుగా మాయనుండి పుట్టు ఒక రసము ఈ హార్మోనును నాశనము చేయును; ఆ వ్యాధి ప్రసవానంతరము కొన్ని వారములలో దానంతట తగ్గును.

లక్షణములు

పెద్దవారు దినమునకు 3 లీటర్లకు మించి మూత్రము విసర్జించుచున్నచో పరీక్ష అవసరము. వ్యాధి తీవ్రమైనచో అది 15, 20 లీటర్ల వరకు పోవచ్చును. మూత్రము మంచినీటివలె తెల్లగా నుండును. రాత్రి పలుమారులు లేవవలసివచ్చును. చల్లని నీటికై మనసు పీకుచుండును. నిద్ర చాలక మనిషి నీరసించును.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త కావలెను. పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపుట, బడిలో మాటిమాటికి సెలవడిగి బయటికి పోవుట, ఆట విడిచి కుండయొద్దకే పరుగెత్తుట మొదటి గుర్తులు. ఇంటిలో పక్క తడుపుచున్నాడని సాయంకాలమునుండి నీళ్లు ఇయ్యరు. బడిలో అల్లరియని కూర్చుండబెట్టుదురు. ఈ రెండు శిక్షలును ఆ బిడ్డకు విషతుల్యములు. చంటిబిడ్డ దాహమని నోరు తెరచి చెప్పలేడు. కారణము తెలియని జ్వరము, వాంతులు, మలబద్ధము, బరువు పెరుగకుండుట, పాలకంటె నీటిని ఆత్రముతో త్రాగుట కనబడినచో వైద్యునికి చూపవలెను. మరల మరల నీరు తగ్గిపోవుటవలన అట్టి బిడ్డల మెదడు ఎదుగుదల కుంటుపడును. సకాలమున గుర్తించినచో ఈ నష్టమును పూర్తిగా నివారింపవచ్చును.

నీరు అందనప్పుడు రక్తములో ఉప్పు శాతము పెరుగును. నోరెండుట, చిరాకు, మగత, మాట తడబడుట, మూర్ఛ ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఇది అత్యవసర స్థితి; 108 వాహనమును వెంటనే పిలువవలెను.

పరీక్షలు

మొదటి పరీక్ష ఇంటిలోనే చేయవచ్చును. ఒక పగలు, ఒక రాత్రి పోసిన మూత్రమును గుర్తులు గల పాత్రలో కొలిచి, త్రాగిన నీటితో కూడ వ్రాసి వైద్యునికి చూపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మూత్రములోను, రక్తములోను చక్కెర పరీక్షింతురు. చక్కెర లేనిచో మూత్రము చిక్కదనమును, రక్తములోని సోడియము, పొటాషియము, కాల్షియములను పెద్ద ఆసుపత్రిలో పరీక్షింపవలెను.

అటుపిమ్మట వైద్యులు రోగిని తమ యెదుట నుంచుకొని, కొన్ని గంటలు నీళ్లు మాన్పించి, గంటగంటకు బరువును, మూత్రమును చూచెదరు. తరువాత డెస్మోప్రెసిన్ అను మందిత్తురు. మందుతో మూత్రము చిక్కబడినచో హార్మోను లోపమనియు, చిక్కబడనిచో మూత్రపిండముల దోషమనియు తేలును. కోపెప్టిన్ అను పదార్థమును రక్తములో కొలుచు క్రొత్త పరీక్షయు కొన్ని చోట్ల కలదు. మెదడును ఎమ్మారై యంత్రముతో చిత్రించి కంతి యున్నదేమో చూచెదరు. నీళ్లు మాన్పించు పరీక్షను ఇంటిలో ఎన్నడును చేయరాదు. ఆసుపత్రిలోనే యైనను, బరువు మితిమించి తగ్గినచో దానిని ఆపివేయుదురు.

హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలోను, విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రిలోను, తిరుపతి స్విమ్స్‌లోను హార్మోను వ్యాధుల ప్రత్యేక విభాగములు గలవు.

చికిత్స

1954లో అమెరికా దేశమున విన్సెంట్ డు విన్యో అను శాస్త్రజ్ఞుడు వాసోప్రెసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసెను. మరుసటి సంవత్సరము ఆయనకు రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. దానిని కొంచెము మార్చి 1960వ దశకమున రూపొందించిన డెస్మోప్రెసిన్ నేటికిని ప్రధానమైన మందు. ఇది మాత్రలుగాను, ముక్కులో కొట్టుకొను మందుగాను, సూదిమందుగాను లభించును. హార్మోను లోపము గలవారికి ఇది గంటలలోనే గుణమిచ్చును. రాత్రి అయిదారు మారులు లేచినవారు సుఖముగా నిద్రింపగలరు.

అయితే ఈ మందు వాడువారు దాహము లేకున్నను నీళ్లు త్రాగరాదు. పోవలసిన నీరు లోపలనే నిలిచి రక్తములో ఉప్పు శాతము తగ్గును. తలనొప్పి, వాంతులు, మతి చలించుట, మూర్ఛ కలుగును. కావున మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. ఎవరికి వారు పెంచుట గాని మానుట గాని తగదు.

మూత్రపిండముల దోషము గలవారికి ఈ మందు అంతగా పనిచేయదు. వారికి ఉప్పు తగ్గించిన ఆహారము, థయజైడ్ జాతి మాత్రలు ఇత్తురు. మామూలుగా మూత్రమును పెంచు ఆ మాత్రలే ఈ వ్యాధిలో మూత్రమును తగ్గించుట వింతగా తోచును గాని, అనుభవమున నిలిచిన సత్యము. లిథియము వాడువారు దానిని తమంత తాము మానక, వైద్యుని సంప్రదింపవలెను. అందరికిని మూలసూత్ర మొకటే: దాహమైనప్పుడెల్ల మంచినీరు అందుబాటులో నుండవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. బడిలో త్రాగునీరు, మరుగుదొడ్డి ఎల్లవేళల అందుబాటులో నుండునట్లు చూడవలెను. వ్యాధి గల బిడ్డకు తరగతిలో నీళ్ల సీసా ఉంచుకొనుటకు, అడుగకయే బయటికి పోవుటకు ప్రధానోపాధ్యాయునితో మాటలాడి అనుమతి ఇప్పింపవలెను.

2. రాత్రులు బయటికి పోవుటకు జంకి నీళ్లు త్రాగుట తగ్గించుకొను స్త్రీలు మన గ్రామములలో గలరు. వారిలో ఒకరికి ఈ వ్యాధి యున్నచో గతి యేమి? ప్రతి యింట మరుగుదొడ్డి, వీధి దీపము ఉండుట ఆరోగ్య విషయము కూడ నని గుర్తింపవలెను.

3. చక్కెర పరీక్ష సరిగానున్నను దాహము తగ్గనివారి పేర్లను ఆశా కార్యకర్త ద్వారా వైద్యాధికారికి తెలియజేయవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో ఈ సంగతిని ప్రస్తావింపవచ్చును.

4. వ్యాధి నిర్ణయమైనవారు తమ జబ్బు పేరును, మందును, "నీరు ఆపరాదు" అను మాటను వ్రాసిన చీటీని జేబులో ఉంచుకొనవలెను. ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేరినను ఆ చీటీని, మందును మొదట చూపవలెను. స్పృహ తప్పినవానికి దాహము చెప్పుకొను శక్తి ఉండదు గదా!

5. నీళ్లు మాన్పించి, పథ్యము పెట్టి అతిమూత్రమును కుదుర్తుమని చెప్పువారిని నమ్మవద్దని గ్రామసభలో చెప్పవలెను.

ఊరికంతకు నీరు సమకూర్చు బాధ్యత పంచాయతీది. ఆ ఊరిలో తక్కినవారికంటె పదిరెట్లు నీరు అవసరమైన మనిషి ఒకడుండవచ్చును. అతనిని ఎగతాళి చేయక, అడ్డగింపక, పరీక్షకు పంపి, చెంబెడు నీళ్లు చేతికందించుట ఏ నిధులును అక్కరలేని సేవ. అది ఒక ప్రాణమును నిలుపగలదు.