రోజు లెక్క

చి. మనవరాలికి,
భద్రాచలం నుంచి తాతయ్య ఆశీస్సులు.

లేస్తే ఆఫీసు, ఇంటికొస్తే ఫోను, నాకంటూ అనుకున్న పని ఒక్కటీ సాగట్లేదని మొన్న బాధపడ్డావు. సంగీతం మళ్లీ మొదలుపెట్టాలి, రోజూ అమ్మతో మాట్లాడాలి, వేళకు నిద్రపోవాలి. ఈ మూడూ నువ్వు చెప్పినవే. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను తల్లీ.

మనకేది ముఖ్యమో నోటితో చెప్పడం తేలిక. గంటలు ఎటు పోయాయో చూసుకుంటేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ లెక్క అనగానే నాకు గుర్తొచ్చేది నేలకొండపల్లి గోపన్న, మన భక్త రామదాసు. ఉద్యోగరీత్యా మాత్రం 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీల్దారు, శిస్తు లెక్కలు చూసిన మనిషి. గోల్కొండ ఖైదులో పాడుకున్నాడని చెప్పే కీర్తనలోనూ ఆ అలవాటు పోలేదు. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు అంటూ ఎవరికి ఏం చేయించాడో, ఎంతయిందో వరసగా ఏకరువు పెట్టాడు. కోపమొచ్చి రాముణ్నే నిలదీశాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని మళ్లీ తానే సర్దుకున్నాడు.

నువ్వూ రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఫోను పక్కగదిలో పెట్టి కూర్చో. ఈ రోజు దేనికి, ఎవరి కోసం, ఎంతసేపు ఖర్చయిందో నోటు పుస్తకంలో రాయి. రాసేటప్పుడు నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, మెచ్చుకోవద్దు. ఆదివారం ఆ వారం పేజీలన్నీ ఒక్కసారి చదువు. పాటకు అరగంట కూడా పడలేదనుకో, దాని వేళను ఏది మింగుతోందో పట్టుకో. లేదా సంగీతం ఇప్పుడు నాకంత ముఖ్యం కాదని ఒప్పుకో. ఏళ్ల తరబడి మోస్తున్న కోరికను దించేసుకోవడం తప్పేం కాదు.

గోదావరి ఒడ్డున పెరిగినదానివి, నీకు వేరే చెప్పాలా? ఇక్కడ నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71 దాటింది. నీళ్లు గడప తొక్కాక సర్దుకోవడం ఎవరి వల్లా కాదు. నీకూ అలాంటి గుర్తులు పెట్టుకో. మూడు రోజులు అమ్మకు ఫోన్ చేయకపోతే మొదటిది. వారమంతా అర్ధరాత్రి దాటాకే పడుకుంటే రెండోది. తిండి సయించక, చిన్న మాటకే కసురుకుంటున్నావంటే మూడోది. ఆ రోజు మాత్రం ఆలోచించకుండా సెలవు పెట్టి ఇంటికి వచ్చేయి.

ఇంకొక్క మాట. రామదాసు తనకు ముఖ్యమైన పనికి, ఇక్కడ రాముడి గుడి కట్టించడానికి, సర్కారు పైకం వాడాడు, దానికి పన్నెండేళ్ల ఖైదు అనుభవించాడంటారు. ఆయన భక్తికి దండం పెడతాను గానీ ఆ పద్దు నువ్వు నేర్చుకోకు. నీ ముఖ్యమైన పనికి నీ గంటలే ఖర్చుపెట్టాలి. ఆఫీసు పని ఎగ్గొట్టి పాడుకోవడం, గదిలో నీతో ఉండే పిల్ల మీద వంటపని నెట్టేయడం కుదరదు. రీల్స్ చూసే గంట తగ్గించు. పిలిచిన ప్రతి ఫంక్షన్‌కూ వెళ్లక్కర్లేదు. రాలేనని చెప్పడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, పోనుపోను వాళ్లకూ అలవాటవుతుంది.

మూడింటినీ ఒకేసారి ఎత్తుకోకు. ఈ నెల నిద్ర ఒక్కటే చూసుకో. అది కుదిరితే తెల్లవారుజామున సాధనకు వేళ దానంతటదే దొరుకుతుంది. ఆ పుస్తకం ఎవరికీ చూపించకు, నాక్కూడా. ఎవరైనా చూస్తారనుకుంటే నిజం రాయవు. మంచిరోజు కోసం ఆగకుండా ఈ రాత్రే మొదటి పేజీ రాయి తల్లీ.

ఇట్లు,
మీ తాతయ్య